చద్ది నుంచి అల్పాహారం దాకా: తెలుగువారి ఉదయాహార చరిత్రలో 'కడుపు నిండటం'

వ్యాససంగ్రహం: బరువు తగ్గదలచినవారికి నేడు సూచిస్తున్న రాగిజావ, కొర్ర ఉప్మా, పెసరట్టు, చద్దన్నం వంటి ఉదయాహారాలను 'పూర్వీకుల ఆరోగ్యరహస్యం'గా పేర్కొనడం పరిపాటి అయింది. ఈ వంటకాల చరిత్రను పదాల సాక్ష్యం, వైద్యగ్రంథాలు, కరువుకాలపు పాలననిర్ణయాలు, పోషకాహార పరిశోధన ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తక్కువ ఆహారంతో ఎక్కువసేపు ఆకలిని ఆపడమనే గుణం రెండు వేర్వేరు అవసరాలకు, రెండు వేర్వేరు వర్గాలకు ఉపయోగపడిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చల్ది, అంబలి, పలహారం, చిరుధాన్యాలు, స్థౌల్యం, ధాత కరువు, పోషకాహార చరిత్ర.

1. ఉపోద్ఘాతం

ఉదయం పూట ఏమి తింటే కడుపు నిండుతుంది, బరువు మాత్రం పెరగదు? ఈ ప్రశ్నకు నేటి తెలుగు పత్రికల ఆరోగ్యశీర్షికలు ఇచ్చే సమాధానాలలో కొన్ని తప్పక కనిపిస్తాయి. మజ్జిగ కలిపిన రాగి అంబలి, కూరగాయముక్కలు దండిగా వేసిన కొర్ర ఉప్మా, నూనె తగ్గించి కాల్చిన పెసరట్టు, మొలకెత్తిన పెసలు, ఇటీవలి కాలంలో చద్దన్నం. సలహాగా ఇందులో ఆక్షేపించవలసినది పెద్దగా లేదు. అయితే ఈ జాబితాకు వెంటనే ఒక చరిత్రవాక్యం తోడవుతుంది: మన పూర్వీకులు ఇవే తిన్నారు, అందుకే సన్నగా, దృఢంగా, ఆరోగ్యంగా ఉన్నారు.

పరిశీలించవలసినది ఈ రెండో వాక్యమే. 'పూర్వీకులు' ఎవరు? అందరూ ఇవే తిన్నారా? తిన్నవారు ఇష్టపడి తిన్నారా? సన్నగా ఉండటం ఆరోగ్యానికి ఫలితమా, అర్ధాకలికి ఫలితమా? అంబలిని ఔషధంగా తాగినవాడికీ, మరొకటి లేక తాగినవాడికీ మధ్య ఉన్న భేదాన్ని ఈ వాక్యం చెరిపివేస్తున్నది. ఆ భేదాన్ని తిరిగి గుర్తించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. పేర్లు చెప్పే సాక్ష్యం

ఉదయాహారానికి తెలుగులో నాలుగు మాటలు ప్రధానంగా వాడుకలో ఉన్నాయి: చద్ది, పలహారం, టిఫిను, అల్పాహారం. నాలుగూ నాలుగు జీవనవిధానాల నుంచి వచ్చాయి.

వీటిలో పాతది చల్ది. చలి, చల్లన అన్న మాటలతో సంబంధమున్న ఈ పదం రాత్రి వండి తెల్లవారేదాకా ఉంచిన అన్నాన్ని చెబుతుంది. పోతన భాగవతం దశమస్కంధంలో గోపబాలకులు అడవిలో చల్దులారగించే ఘట్టం తెలుగు పాఠకులకు సుపరిచితం. సంస్కృతమూలంలో కృష్ణుని ఎడమచేత మెత్తని అన్నపుముద్ద, వేళ్ళ సందులలో 'ఫలాలు' ఉంటాయి. ఆ ఫలాల చోట పోతన ఊరుగాయలను పెట్టాడు. ఈ చిన్న మార్పు వల్ల బృందావనపు భోజనం తెలుగు పశువుల కాపరి చద్దిమూటగా మారిపోయింది. చల్ది అంటే ఇంట్లో పీటమీద కూర్చుని తినే వస్తువు కాదనీ, మూటగట్టుకుని పనిచోటికి తీసుకువెళ్ళేదనీ ఆ ఘట్టం స్పష్టపరుస్తున్నది. 'పెద్దల మాట చద్దిమూట' అన్న సామెతకూ ఇదే నేపథ్యం. దారిలో, పొలంలో, అడవిలో మరో ఆధారం లేనప్పుడు అక్కరకు వచ్చేది మూట.

'చద్దన్నం తిన్నమ్మ మొగుడి ఆకలెరగదు' అన్న సామెత ఇంకొక విషయం చెబుతుంది. ఒకే ఇంటిలో పొద్దున తినేవారూ, పొద్దెక్కేదాకా తినకుండా ఉండేవారూ ఉండేవారని దీని అర్థం. స్నానసంధ్యలు ముగియనిదే ముద్ద ముట్టని ఆచారం ఉన్న ఇళ్ళలో చద్ది పిల్లలది. వ్యవసాయపు ఇళ్ళలో అది పొలానికి వెళ్ళే వారందరిది. ఉదయాన్నే అందరూ కలిసి తినే 'బ్రేక్‌ఫాస్ట్' అనే ఏకరూపమైన భోజనం అప్పటికి లేదు. సామెతల కాలాన్ని నిర్ణయించలేము కాబట్టి వీటిని మరీ దూరం లాగడం సరికాదు. కానీ అవి చూపే గృహవ్యవస్థ ఊహాజనితం కాదు.

పలహారం ఫలాహారానికి వికృతి. ఉపవాసదినాన అన్నం మాని తీసుకునే ఆహారమని తొలి అర్థం. ఒంటిపొద్దు ఉన్నవారు రాత్రి అన్నానికి బదులు ఉప్పుపిండి తినడం నిన్నమొన్నటి దాకా అనేక ఇళ్ళలో ఉన్న అలవాటే. పచ్చి బియ్యాన్ని రవ్వగా విసిరి, పెసరపప్పు చేర్చి ఉడికించే ఆ ఉప్పుపిండి నేటి ఉప్మాకు దగ్గరి చుట్టం. అన్నం మానిన రోజున తినేది క్రమంగా ప్రతిదినం తినేదిగా మారింది. నిగ్రహానికి గుర్తుగా ఉన్న మాట నూనెలో వేగిన గారెలకూ, బజ్జీలకూ కూడా వర్తించింది. పదం అర్థవ్యాకోచం పొందడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

టిఫిను ఆంగ్లో-ఇండియన్ల మాట. 1886లో వెలువడిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు దీనికి మధ్యాహ్నపు తేలికభోజనమన్న అర్థాన్నే చెబుతుంది. దక్షిణాదిలో అది మధ్యాహ్నాన్ని వదిలి ఉదయానికీ సాయంత్రానికీ జరిగింది. మధ్యాహ్నం అన్నం తినే సమాజంలో ఆ మాటకు మిగిలిన చోటు అదే. చివరిదైన అల్పాహారం ఆధునిక గ్రాంథికనిర్మాణం. కొంచెం తినాలన్న నియమం పేరులోనే ఉన్నది. చద్ది అన్న మాటలో పరిమాణపు ఊసు లేదు. ఎంత ఉంటే అంత తినడమే.

3. గురువు, అతర్పణం

బరువు తగ్గడానికి కడుపు నింపే ఆహారం అన్న ఆలోచన ఆధునికమని భావించడం పొరపాటు. చరకసంహిత సూత్రస్థానం ఇరవై ఒకటో అధ్యాయం అష్టౌనిందితీయం. అందులో చెప్పిన ఎనిమిది రకాల నిందిత శరీరాలలో అతిస్థూలుడికీ, అతికృశుడికీ విశేషమైన చర్చ ఉన్నది. స్థౌల్యానికి కారణాలుగా గురు, మధుర, శీత, స్నిగ్ధ పదార్థాలు ఎక్కువగా తినడం, వ్యాయామం లేకపోవడం, పగటినిద్ర, చింతలేమి, బీజస్వభావం పేర్కొనబడ్డాయి. 'చింతలేమి'ని జబ్బుకు కారణాలలో చేర్చడం ఆ రోగి ఏ వర్గానికి చెందినవాడో కూడా చెప్పకనే చెబుతున్నది.

చికిత్సాసూత్రం ఆసక్తికరమైనది. స్థూలుడికి గురువైనది, అతర్పణమైనది హితం. అంటే జీర్ణం కావడానికి సమయం పట్టాలి, కానీ శరీరాన్ని పెంచకూడదు. స్థూలునిలో జఠరాగ్ని తీవ్రమై, తిన్నది త్వరగా అరిగి, ఆకలి మళ్ళీ మళ్ళీ వేస్తుందన్నది దీనికి ఆ గ్రంథం చూపిన హేతువు. తేలికైనది పెడితే ఆకలి ఆగదు, పోషకమైనది పెడితే ఒళ్ళు పెరుగుతుంది. కాబట్టి బరువుగా ఉండి బలపరచనిది కావాలి. ఈ లక్షణం ఉన్నవిగా చెప్పిన ధాన్యాల పట్టికలో ప్రియంగువు, శ్యామాకం, యవలు, జూర్ణాహ్వం, కోద్రవం ఉన్నాయి. పప్పులలో ముద్గ, కులత్థ, ఆఢకీ ఉన్నాయి. తెలుగులో చెప్పుకోవాలంటే కొర్రలు, సామజాతి చిరుధాన్యం, బార్లీ, జొన్న, అరికలు, పెసలు, ఉలవలు, కందులు. తరువాత తాగవలసినది తేనె కలిపిన నీరు. నేటి ఆరోగ్యశీర్షికల జాబితా దాదాపుగా ఇదే.

అయితే ఇదే ధాన్యాలను సుశ్రుతసంహిత కుధాన్యవర్గమన్న శీర్షిక కింద చేర్చింది. 'కు' అన్న ఉపసర్గ ఆ ధాన్యం స్థానాన్ని తెలుపుతున్నది. రాజును, శ్రేష్ఠిని సన్నబరచడానికి పథ్యంగా ఇచ్చినది, దున్నేవాడికి నిత్యాహారమైన ధాన్యమే. వైద్యుడు దానిని అతర్పణమని గుర్తించాడు. అదే తిని బతికేవాడి శరీరానికి ఆ అతర్పణం ఏమి చేస్తున్నదన్న విచారణ ఆ అధ్యాయంలో లేదు. అతికృశుడి ప్రస్తావన ఉన్నది, కానీ అతనికి విధించినది కొత్త బియ్యం, పెరుగు, నెయ్యి, పాలు, చెరకు, మాంసరసాలు. అవి కొనగలిగిన కృశుడు మాత్రమే ఆ వైద్యుని ఎదుట ఉన్నాడు.

4. మెట్ట, మాగాణి

దక్కను ప్రాంతపు పంటల చరిత్రలో అతి ప్రాచీనమైనది వరి కాదు. దక్షిణభారత నవీనశిలాయుగానికి చెందిన బూడిదదిబ్బల సంస్కృతి క్రీ.పూ. 3000 ప్రాంతం నుంచి నేటి కర్ణాటక, రాయలసీమ, దక్షిణ తెలంగాణ మెట్టభూములలో విస్తరించింది. పురావృక్షశాస్త్రజ్ఞుడు డోరియన్ ఫుల్లర్ ఆ స్థలాలలో దొరికిన గింజలను పరిశీలించి, అక్కడి మూలపంటలు అండుకొర్రల వంటి చిరుధాన్యాలు, పెసలు, ఉలవలు అని నిర్ధారించాడు. రాగి, జొన్న, సజ్జ ఆఫ్రికాలో పుట్టి తరువాత ఇక్కడికి చేరినవి. నేడు పూర్వీకుల ధాన్యానికి పర్యాయపదంగా చెప్పే రాగికంటె పెసరట్టులోని పెసలు ఈ నేలకు పాతవి.

మధ్యయుగానికి వచ్చేసరికి ధాన్యం హోదాకు కొలమానమైంది. శ్రీనాథునికి ఆపాదించే చాటువులలో పల్నాటి జొన్నకూటిమీద చేసిన పరిహాసం ప్రసిద్ధం. ఆ చాటువులు ఆయనవేనా అన్నది వేరే చర్చ. ఎవరివైనా, సన్నన్నానికి అలవాటుపడిన ఆస్థానకవి నోట జొన్నకూడు ఎగతాళికి వస్తువు కాగలిగిందన్నది మాత్రం చరిత్ర. ఆ కూడు తినేవాడు రాసిన పద్యం మనకు మిగలలేదు.

పందొమ్మిదో శతాబ్దిలో ఈ విభజన నీటికాలువల వెంట మరింత స్థిరపడింది. ఆర్థర్ కాటన్ నిర్మాణంలో ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. బెజవాడ దగ్గర కృష్ణానది ఆనకట్ట 1855లో వచ్చింది. డెల్టాలు వరిమయమయ్యాయి. కాలువ చేరని సీమలో సంగటి, తెలంగాణలో గటక, ఉత్తరాంధ్రలో చోడి అంబలి నిలిచాయి. ఒకే గింజను ఒకచోట రాగి అనీ, మరొకచోట తైదలనీ, ఇంకొకచోట చోళ్ళనీ పిలిచినా, వరి అన్నం పండుగనాటిదన్న భావం ఈ మూడుచోట్లా ఒకటే.

అంబలి వండేతీరును ఇక్కడ గమనించాలి. రాత్రి పిండిని నీటిలో కలిపి పులియనిచ్చి, ఉదయం ఎసట్లో పోసి కాచి, నూకలు ఉంటే చేర్చి, మజ్జిగ లేదా ఉత్తనీటితో పలచన చేస్తారు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఉప్పు తోడు. ఇంట్లో పదిమంది ఉండి పిండి గుప్పెడే ఉంటే నీరు పెరుగుతుంది, అంతే. కుండ నిండుగానే ఉంటుంది. పిండి ఎంత తగ్గినా కుండ నింపగలగడమే అంబలిలోని సౌలభ్యం. బరువు తగ్గదలచినవారికి అది ఉపకరించడానికి కారణమూ అదే. ముప్పై గ్రాముల రాగిపిండి నూరు కేలరీలకు మించదు. అది పెద్ద చెంబెడు జావ అవుతుంది.

5. ఒక పౌను ధాన్యం

తెలుగునేలమీద ఆహారాన్ని తూకంవేసి, మనిషి శరీరానికి ఎంత చాలు అని ప్రభుత్వం బహిరంగంగా వాదించిన తొలి ప్రధాన సందర్భం 1876-78 నాటి క్షామం. ధాత నామ సంవత్సరంలో మొదలైనందున జనం దానిని ధాత కరువన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. 1871, 1881 జనాభాలెక్కల మధ్య కర్నూలు జిల్లా జనసంఖ్య సుమారు నాలుగోవంతు తగ్గిపోయింది.

1877 ఆరంభంలో భారతప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువుపనులలో రాళ్ళు కొట్టి, చెరువు మట్టి తవ్వే మగకూలికి రోజుకు ఒక పౌను ధాన్యం విలువా, దానిపైన కొద్దిపాటి చిల్లరా చాలునని కూలిరేటు తగ్గించాడు. స్త్రీలకు, పిల్లలకు ఇంకా తక్కువ. అంతకు ముందు మద్రాసు ప్రభుత్వం ఇస్తున్నది పౌనున్నర లెక్క. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ డబ్ల్యు.ఆర్. కార్నిష్ దీనిని గట్టిగా వ్యతిరేకించాడు. శ్రమచేసే శరీరానికి ఒక పౌను చాలదనీ, ధాన్యంతోపాటు పప్పు ఉండాలనీ అతని వాదన. కార్నిష్, టెంపుల్ మధ్య నడిచిన లిఖితవాదం వలసప్రభుత్వపు దస్త్రాలలో అరుదైన ఘట్టం. ఒక అధికారి ఖజానా లెక్క చెబుతుంటే, మరొకడు కండరాల లెక్క చెప్పాడు. కొన్ని నెలల తరువాత మద్రాసు ప్రభుత్వం కూలిరేటును పెంచింది. ఆ నెలలలో పోయిన ప్రాణాలు అప్పటికే పోయాయి.

ఒక పౌను అంటే 454 గ్రాములు. వంద గ్రాముల బియ్యానికి 350 కేలరీలు వేసుకున్నా మొత్తం సుమారు 1600. నేడు బరువు తగ్గదలచిన మగవారికి ఆహారనిపుణులు సాధారణంగా సూచించే దినసరి పరిమితి 1500-1800 కేలరీల మధ్య ఉంటుంది. అంటే, కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషి ఒళ్ళు తగ్గించుకోవడానికి నేడు కోరి పాటించే పరిమితినే, ఎండలో గడ్డపార పట్టిన మనిషికి నాడు బతుకుతెరువుగా నిర్ణయించారు. రెండు సందర్భాలలోనూ ఫలితం శరీరం కరగడమే.

ఈ పోలిక కేవలం అంకెల చమత్కారం కోసం చేసినది కాదు. ఆహారపు తగినంతదనం గింజలో లేదు. అది తినేవాడి పనిలోనూ, ముందురోజు తిన్నదానిలోనూ, రేపు తినగలనన్న భరోసాలోనూ ఉన్నది. అంబలి తాగినవారు సన్నగా ఉన్నారన్న వాక్యాన్ని 1877 నాటి కర్నూలుకు తీసుకుపోతే అది భయంకరంగా వినిపిస్తుంది. 1952లో రాయలసీమలో మళ్ళీ గంజికేంద్రాలు తెరవవలసి వచ్చింది. సీమలో గంజికరువు అన్న మాట వ్యాప్తిలోకి వచ్చింది. ఆ పేరుతో కరువును గుర్తుపెట్టుకున్న ఇంట్లో గంజిని ఆరోగ్యపానీయమని చెప్పేవాడు కొంత తడబడక తప్పదు.

6. కూనూరు ఎలుకలు, గంజి వార్చడం

ఇరవయ్యో శతాబ్దిలో ఆహారంపై తీర్పరి స్థానంలోకి ప్రయోగశాల వచ్చింది. నీలగిరి కొండలలోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో బెరిబెరి వ్యాధిపై పరిశోధన ప్రారంభించాడు. 1920ల్లో ఆయన దేశంలోని వివిధ ప్రాంతాల ఆహారాలను ఎలుకల గుంపులకు పెట్టి, వాటి పెరుగుదలను తూచి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, ఆకుకూరలు ఉన్న పంజాబు సిక్కుల ఆహారం తిన్న ఎలుకలు ఎక్కువ బరువు తూగాయి. మద్రాసీల వరి ఆహారం తిన్నవి వెనుకబడ్డాయి. జాతులకు 'పౌరుషం' అంటగట్టే వలసవాదపు దృష్టి ఈ ప్రయోగపు అన్వయంలో లేకపోలేదు. ఆ ప్రయోగశాలలో మంచి ఆహారమంటే బరువు పెంచేదే. ఇదే సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఇప్పుడు అదే సంస్థ ఊబకాయాన్ని గురించి హెచ్చరించవలసి వస్తున్నది.

తెలుగువారి ఉదయాహారానికి ఈ పరిశోధనతో నేరుగా సంబంధమున్న అంశం బెరిబెరి. ఉత్తర సర్కారులలో ఈ వ్యాధి ప్రబలంగా ఉన్నదని జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ 1835లోనే గ్రంథం రాశాడు. దీనికి ప్రధాన హేతువు విటమిన్ బి1 లోపమని తరువాత తేలింది. తమిళదేశంలో ఉప్పుడు బియ్యం వాడుక ఎక్కువ కాగా, సర్కారు తీరంలో పచ్చిబియ్యం వాడుక. మరపట్టిన పచ్చిబియ్యంలో తవుడుతోపాటు ఆ విటమినూ పోతుంది. మిగిలినది కొంత బియ్యం కడిగిన నీటిలో, ఇంకొంత వార్చిన గంజిలో పోతుంది. 1935లో కూనూరు సంస్థ సారథ్యం చేపట్టిన డబ్ల్యు.ఆర్. అయ్‌క్రాయిడ్, అతని సహచరులు ఈ నష్టాలను లెక్కగట్టారు. 1937లో ఆయన వెలువరించిన హెల్త్ బులెటిన్ 23 భారతీయ ఆహారాల పోషకవిలువల పట్టికలకు మొదటి ప్రామాణికరూపం.

ఇప్పుడు చద్దన్నాన్ని చూద్దాం. వార్చిన గంజిని పారబోయకుండా, అందులోనో దానిని పులియబెట్టిన తరవాణిలోనో రాత్రి అన్నాన్ని నానబెట్టిన ఇంటికి ఆ గంజిలోని సారం తిరిగి దక్కింది. అత్తెసరు పెట్టుకున్న ఇంటికి నష్టమే లేదు. గంజిని పశువుల కుడితిలో కలిపి, తెల్లటి అన్నం మాత్రం తిన్న ఇంటికి నష్టం పూర్తిగా వచ్చింది. పేదరికం వల్ల నిలిచిన ఒక అలవాటు ఇక్కడ నిజంగానే మేలుచేసింది. 'పూర్వీకుల రహస్యం' వాదంలో ఒప్పుకోవలసిన భాగం ఇది. కానీ బరువు విషయంలో చద్దన్నానికి విశేషమైన మహిమ ఏమీ లేదు. చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం జీర్ణం కాని రూపం దాలుస్తుంది, ఆ మేరకు స్వల్పలాభం ఉంటుంది. అంతమాత్రాన పళ్ళెం నిండా తినవచ్చునని కాదు.

7. టిఫిను, కాఫీ, రెండు రూపాయల బియ్యం

ఇడ్లీ చరిత్రను కె.టి. అచ్చయ్య తన ఆహారచరిత్ర గ్రంథంలో వివరించాడు. సుమారు క్రీ.శ. 920 నాటి కన్నడ 'వడ్డారాధనె'లో ఇడ్డలిగె ప్రస్తావన, పన్నెండో శతాబ్దపు సోమేశ్వరుని 'మానసోల్లాసం'లో ఇడ్డరికా ప్రస్తావన ఉన్నాయి. ఆ పాత వంటకంలో మినుములే ఉన్నాయి, బియ్యం లేదు. కోస్తా ఇళ్ళలో కుండమూతికి బట్ట వాసెనకట్టి ఉడికించే మినపకుడుము, బియ్యం కలవని ఆ పాత వంటను తలపిస్తుంది. బియ్యం లేదా బియ్యపురవ్వ రెండు పాళ్ళు, పప్పు ఒక పాలు అయిన నేటి ఇడ్లీ పొట్ట నింపే తీరు వేరు, మినుములే ఉన్న కుడుము నింపే తీరు వేరు. బరువు చూసుకునేవారు ఇడ్లీ మంచిదా కాదా అని అడిగేముందు ఏ ఇడ్లీ అని అడగాలి.

కాఫీ ఇంకొక మార్పు. ఉదయపు నీరాగారాన్ని తొలగించి కాఫీ ఆ స్థానాన్ని ఎలా ఆక్రమించిందో తమిళదేశానికి సంబంధించి ఎ.ఆర్. వెంకటాచలపతి విపులంగా రాశాడు. తెలుగు కోస్తాలో తరవాణికుండకు పట్టిన గతీ అదే. ఉద్యోగం, కచేరీవేళ, కాలేజీగంట వచ్చాక పొద్దున్నే తినక తప్పని వర్గం పట్టణాలలో ఏర్పడింది. వారికి చద్ది మోటు, అన్నానికి వేళ కాలేదు. ఆ ఖాళీలోకి కాఫీహోటలు ఇడ్లీ, ఉప్మా, దోసెలు వచ్చాయి. నూనె, నెయ్యి, మరపట్టిన బియ్యం, బొంబాయిరవ్వ కలిసిన ఈ టిఫిను శ్రమచేయని శరీరానికి శ్రామికుని చద్దికంటె ఎక్కువ శక్తిని అందించింది. స్థౌల్యపు చర్చ ఇక్కడి నుంచే ఆరంభం కావాలి.

పల్లెల్లో మార్పు ఆలస్యంగా వచ్చింది, వచ్చినప్పుడు వేగంగా వచ్చింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రవేశపెట్టింది. తరాలుగా పండుగనాడు మాత్రమే తెల్లన్నం చూసిన ఇళ్ళకు అది ప్రతిరోజూ అందింది. జొన్న దంచడం, రాగి విసరడం స్త్రీల చేతుల మీద పడిన పని. సంగటి కెలకడం సామాన్యమైన శ్రమ కాదు. బియ్యం ఆ చాకిరీ నుంచి కూడా కొంత విముక్తినిచ్చింది. చిరుధాన్యాలను వదులుకున్నందుకు పేదలను తప్పుపట్టే ధోరణి ఇటీవలి రచనలలో అక్కడక్కడా కనిపిస్తున్నది. ఆ ధోరణికి చరిత్రజ్ఞానం లేదనే చెప్పాలి. వారు వదులుకున్నది ఒక పోషకాన్ని మాత్రమే కాదు, ఒక అవమానాన్ని కూడా. మెట్టభూములలో విత్తనాలు, పంటలవైవిధ్యం తగ్గిపోవడం ఆ విముక్తికి చెల్లించిన మూల్యం. రెండూ నిజాలే.

8. వర్తమానం

జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం వంద గ్రాముల మరపట్టిన బియ్యంలో 356, జొన్నల్లో 334, రాగుల్లో 321 కేలరీల శక్తి ఉంటుంది. తేడా పదోవంతు దాటలేదు. పీచుపదార్థం మాత్రం బియ్యంలో 2.8 గ్రాములు, జొన్నల్లో 10.2, రాగుల్లో 11.2. కాల్షియంలో రాగి ముందు బియ్యానికి పోలికే లేదు. ఈ అంకెల అర్థం స్పష్టం. చిరుధాన్యం శక్తి తక్కువైన ఆహారం కాదు, ఆకలిని ఎక్కువసేపు ఆపే ఆహారం. చరకుని గురుత్వం దాదాపుగా ఈ పీచే. కాబట్టి రాగిసంగటిని ముద్దమీద ముద్దగా తిని బరువు తగ్గుతామనుకోవడం భ్రమ. పలుచని అంబలి, ఒకటి రెండు పెసరట్లు, కూరగాయలు సగం, కొర్రలు సగంగా వండిన ఉప్మా, పప్పు చిక్కగా ఉన్న సాంబారుతో రెండు ఇడ్లీలు పనిచేయడానికి కారణం వాటి ప్రాచీనత కాదు. నీరు, పీచు, మాంసకృత్తులు కలిసి తక్కువ శక్తితో కడుపును నిలబెట్టడమే కారణం. తిన్నది చాలినప్పుడు ఆపగలగడం కూడా అందులో భాగం. మధ్యాహ్నం మళ్ళీ దొరుకుతుందని తెలిసినవారికే ఆ ఆపడం సాధ్యం.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఐదో విడత) ప్రకారం ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36.3 శాతం, తెలంగాణ స్త్రీలలో 30.1 శాతం అధికబరువు లేదా ఊబకాయం ఉన్నవారు. అదే సర్వేలో ఉండవలసినదానికన్న తక్కువ బరువు ఉన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 14.8 శాతం, తెలంగాణలో 18.8 శాతం. ఈ రెండు వర్గాలూ ఒకే జిల్లాలో, ఒక్కొక్కప్పుడు ఒకే వీధిలో ఉంటాయి. ఒక ఇంట్లో పనిచేసే మనిషి పొద్దున్నే టీ తాగి వచ్చి, ఆ ఇంటివారి కోసం రాగిజావ కాచే దృశ్యం మన పట్టణాలలో అపూర్వమేమీ కాదు.

2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టం ముతకధాన్యాలను కిలో ఒక రూపాయికి ఇవ్వవచ్చునని పేర్కొన్నది. 'ముతక' అన్న విశేషణం సుశ్రుతుని 'కు' ఉపసర్గకు వారసురాలే. పదేళ్ళకు, భారతదేశం ప్రతిపాదన మేరకు, ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ముతకధాన్యం అధికారభాషలో 'శ్రీఅన్న' అయింది. పట్టణపు అంగళ్ళలో కొర్రల పొట్లం ధర సన్నబియ్యాన్ని మించింది.

ఈ రెండు సందర్భాలకంటె ముందే, 1990ల్లో, జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళాసంఘాలు ఇంకొక తీరుగా ఆలోచించాయి. సభ్యులలో అత్యధికులు దళిత స్త్రీలు. బీడుపడిన భూములను సాగులోకి తెచ్చి, పండిన జొన్నలలో ఒక భాగాన్ని ఊరి ధాన్యనిధికి జమచేసుకున్నారు. వానాకాలపు ఎద్దడి నెలల్లో ఆ జొన్నలను చౌకధరకు ఎవరికి ఎంత ఇవ్వాలో ఊరివారే కూర్చుని, ఇంటింటి పరిస్థితినీ అంచనావేసి, అందరికన్న పేద ఇల్లు ఏదో తేల్చి నిర్ణయించారు. ఎక్కువ జొన్నలు ఆ ఇంటికే వెళ్ళాయి.